చిట్టెలుక ఒళ్ళూ, పిన్ని నెత్తురూ

క్యాన్సర్ ఎలుకతో నాకు పరిచయం సాహిత్య విభాగంలోనే అయింది. పిహెచ్.డి.లో చేరిన కొత్తలో స్త్రీవాద సిద్ధాంతాల కోర్సులో డోనా హారవే రాసిన ఒక లావుపాటి పుస్తకం చదవమన్నారు. 1997లో వచ్చిన పుస్తకం. ఆంకోమౌస్ అన్న మాట దాని పేరులోనే ఉంది, పక్కన ట్రేడ్‌మార్కు గుర్తుతో సహా. అందులో లిన్ రాండాల్ఫ్ అనే చిత్రకారిణి వేసిన బొమ్మ ఒకటుంది. మూసిన గదిలో ఒక ఎలుక, తలమీద ముళ్ళకిరీటం, ఛాతీకి ఆడమనిషి రొమ్ములు, చుట్టూ దాన్నే చూస్తున్న కళ్ళు. ఆ బొమ్మ మీద మేం వారాల తరబడి మాట్లాడుకున్నాం. చూపు, అధికారం, ఆడ శరీరం, పెట్టుబడి... మాటలకేం కొదవ? ఇంతకీ ఆ ఎలుకకొచ్చిన జబ్బేమిటి, దానివల్ల తెలిసిందేమిటి అని మాత్రం ఎవరూ అడగలేదు. మాలో ఎవరికీ అప్పటికి ఆ అవసరం రాలేదు.

2014లో మిరప కోతల రోజుల్లో వచ్చింది. మా పిన్నికి ఎడమవైపు డొక్కలో బరువుగా ఉంటోందనీ, నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతోందనీ అమ్మ ఫోన్ చేసింది. ఊళ్ళో వాళ్ళు కడుపులో బల్ల పెరిగిందన్నారు. పెరిగింది కూడాను. ప్లీహం ఉబ్బితే మన వైపు బల్ల అనే అంటారు కదా. దానికి నాటుమందు కూడా పోయించారు. చివరికి గుంటూరు తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు రెండు లక్షలు దాటి ఉన్నాయి. పదకొండు వేలు దాటితేనే ఎక్కువన్నట్టు. డాక్టరుగారు చీటీ మీద సీఎంఎల్ అని మూడక్షరాలు రాసి, దాని కింద 9, 22 అని రెండంకెలు వేశారు.

మా పిన్నిది పర్చూరు దగ్గర పల్లెటూరు. 2022లో జిల్లాలు విడగొట్టాక ఇప్పుడది బాపట్ల జిల్లా అయింది గానీ మా నోటికింకా ప్రకాశమే వస్తుంది. నల్లరేగడి. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. బాబాయి రెండెకరాలు కౌలుకి చేస్తాడు, పిన్ని ఆ పొలంలోనూ చేస్తుంది, మిగతా రోజుల్లో కూలికీ పోతుంది. పత్తి తీతలు, మిరప కాయ కోతలు, కల్లంలో తాలు ఏరడం, శీతల గిడ్డంగుల దగ్గర తొడిమలు తీయడం. తొడిమలు తీసిన రోజు రాత్రి చేతులు మండి నిద్ర పట్టక మజ్జిగలో ముంచుకుని కూర్చోవడం నా చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. బాబాయి మందు కొడుతుంటే డ్రమ్ములో నీళ్ళు పోసి మందు కలిపి అందించేదీ ఆవిడే. కలిపేవాళ్ళకి కొట్టేవాళ్ళకంటే చిక్కటి మందు తగులుతుందని పురుగుమందుల మీద రాసేవాళ్ళు చెబుతూనే ఉంటారు. కానీ మందు కొట్టడం అంటే మగవాడి పనిగానే లెక్క.

తిరుగు బస్సులో పిన్ని నన్నడిగింది. “ఎందుకొచ్చిందంటే అమ్మాయ్? మందులు కలిపినందుకా?” నువ్వు అంత చదువు చదివావు కదా అన్న ధ్వని అందులో ఉంది. నేను చదివింది కథలూ నవలలూ. అయినా డాక్టరు కంటే నేనే దగ్గర.

అప్పటినుంచి చదవడం మొదలెట్టాను. ఆ రెండంకెల కథ నిజానికి నవలకు తక్కువేం కాదు. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు, ఈ జబ్బున్న వాళ్ళ తెల్లకణాల్లో ఒక క్రోమోజోమ్ ఉండాల్సిన దానికంటే పొట్టిగా ఉందని కనిపెట్టారు. ఎందుకు పొట్టిగా ఉందో తెలీదు. పదమూడేళ్ళ తర్వాత, 1973లో, షికాగోలో జానెట్ రౌలీ ఆ పొట్టి క్రోమోజోమ్‌లోంచి పోయిన ముక్క ఎటు పోయిందో పట్టుకుంది. నలుగురు పిల్లల తల్లి. పిల్లల్ని పెంచుతూ చాలా ఏళ్ళు వారానికి కొన్ని రోజులే పనిచేసింది. సూక్ష్మదర్శినిలో తీసిన క్రోమోజోమ్‌ల ఫొటోలు ఇంటికి తెచ్చుకుని, అన్నాల బల్ల మీద పరిచి, కత్తెరతో కత్తిరించి జతలు పెట్టేది. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకున్నందుకు జీతం ఇస్తున్నారని పిల్లలు వేళాకోళం చేసేవాళ్ళట. 22వ క్రోమోజోమ్ ముక్క విరిగి 9వ దానికి అతుక్కుందని ఆ బల్ల మీదే తేలింది. 9 ముక్క 22కి చేరిందనీ, అంటే ఇది ఇచ్చిపుచ్చుకోవడమనీ తర్వాత అందరికీ అర్థమైంది. మా పిన్ని చీటీ మీది అంకెలు అవే.

ఎలుక ఇక్కడికొస్తుంది. నిజానికి అంతకుముందే వచ్చి కూర్చుంది. 9 నుంచి 22కి తరలిపోయే జన్యువు పేరు ఏబీఎల్. హెర్బర్ట్ ఏబెల్సన్ అనే డాక్టరు పేరులోని మొదటి అక్షరాలవి. చిట్టెలుకలకు రక్త క్యాన్సర్ తెప్పించే ఒక వైరస్‌ని ఆయన బయటపెట్టాడు. ఆ వైరస్ ఎలుక దగ్గర దొంగిలించి మోసుకు తిరుగుతున్న జన్యువే ఇది. అదే జన్యువు మనుషుల్లోనూ ఉంది. 22వ క్రోమోజోమ్ మీద బీసీఆర్ అనే జన్యువు పక్కకు వెళ్ళి అతుక్కుంటే రెండూ కలిసి ఒక కొత్త ప్రొటీన్ తయారవుతుంది. ఏబీఎల్ మామూలుగా అవసరమైనప్పుడు పనిచేసి ఆగిపోయే రకం. కలిశాక ఆగదు. కట్టెయ్యడం మరిచిపోయిన మోటారులా కణాన్ని విభజించమని తోస్తూనే ఉంటుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ జబ్బున్నవాళ్ళలో ఈ కలయిక కనిపించినంత మాత్రాన అదే జబ్బుకు కారణమని ఎలా అనగలం? జబ్బు ముదిరాక వచ్చిన మార్పేమో! జ్వరం ఉన్నవాడికి చెమట పట్టినట్టు. దీన్ని మనిషిలో తేల్చలేరు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఆ జన్యువు ఎక్కించి చూద్దామని ఎవరంటారు? 1990లో ఎలుకల్లో తేల్చారు. జార్జ్ డేలీ, రిచర్డ్ వాన్ ఎటెన్, డేవిడ్ బాల్టిమోర్ ఎలుకల ఎముక మజ్జ తీసి, ఒక వైరస్ సాయంతో ఈ కలిసిన జన్యువుని అందులోకి ఎక్కించి, రేడియేషన్‌తో సొంత మజ్జ పోగొట్టిన ఎలుకలకు ఆ మజ్జ పెట్టారు. వాటిలో కొన్నిటికి అచ్చం మా పిన్నికి వచ్చిన లాంటి జబ్బే వచ్చింది. తెల్లకణాలు పెరిగిపోయాయి. బల్ల పెరిగింది. అదే ఏడాది నోరా హైస్టర్‌క్యాంప్, జాన్ గ్రోఫెన్ బృందం ఇంకో పని చేసింది. ఆ జన్యువుని పిండ దశలోనే పెట్టి, దానితో పుట్టే ఎలుకల్ని తయారుచేసింది. ఆ పిల్లలు పుట్టిన 10 రోజుల నుంచి 58 రోజుల లోపు తీవ్రమైన రక్త క్యాన్సర్‌తో చచ్చిపోయాయి, లేదా చావుకి దగ్గరయ్యాయి.

ఒక్క జన్యువు చాలు. ఆ ఏడాది ఎలుకలు చెప్పింది అదీ. అది చాలనుకున్నప్పుడు దాన్ని ఆపితే జబ్బు ఆగాలి కదా. బ్రయాన్ డ్రూకర్, నికొలస్ లైడన్ తదితరులు ఆ ప్రొటీన్‌కి అడ్డుపడే రసాయనాన్ని కణాల మీదా, ఎలుకల మీదా ప్రయత్నించి 1996లో ఫలితాలు ప్రకటించారు. 1998లో మొదటి రోగికి ఇచ్చారు. 2001 మే నెలలో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇమాటినిబ్. మా పిన్ని రోజూ అన్నం తిన్నాక పెద్ద గ్లాసుడు నీళ్ళతో వేసుకునే మాత్ర.

సాహిత్య విద్యార్థులకి ‘ఎలుకను తయారుచేశారు’ అన్న మాట దగ్గర ఆగాలనిపిస్తుంది. ఎలా తయారుచేస్తారు? నాతో పాటు హాస్టల్లో ఉన్న స్నేహితురాలు ఒకావిడ హైదరాబాదులో ఎలుకలతో పనిచేసే ప్రయోగశాలలో ఉంది. ఆవిడ చెప్పింది. ముందు లేత ఆడ ఎలుకలకు హార్మోన్ సూదులిస్తారు, మామూలుగా కంటే ఎక్కువ అండాలు రావడానికి. మగవాటితో జతకట్టిస్తారు. మర్నాడు ఆ ఆడవాటిని చంపి, ఫలదీకరణం అయిన అండాల్ని బయటికి తీస్తారు. ఒక్కో అండాన్ని సన్నటి గాజు గొట్టంతో పట్టి, అంతకంటే సన్నటి గాజు సూదితో లోపలికి జన్యువు ఎక్కిస్తారు. వాటిని మొయ్యడానికి వేరే ఆడ ఎలుక కావాలి. దాన్ని వేసెక్టమీ చేసిన మగ ఎలుకతో జతకట్టిస్తారు. దానికి కడుపు రాదు గానీ ఒళ్ళు కడుపొచ్చిందనే అనుకుంటుంది. అలాంటి ఎలుకకు అండాల్ని పెడితే మోసి కంటుంది. పుట్టిన పిల్లల తోక కొస కత్తిరించి పరీక్షిస్తే కొద్దిమందిలోనే జన్యువు దిగి ఉంటుంది.

‘కొద్దిమందిలోనే’ అంది ఆవిడ. కొద్దిపాటి వాటిలో అనలేదు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. “ఏమే, రోజూ వాటికే తిండి పెట్టి, వాటి చెవులకే నంబర్లు వేసేదాన్ని, నువ్వైతే ఏమంటావు?” అంది.

అంటే ఈ శాస్త్రం మొత్తం అండాలిచ్చే ఆడదాని మీదా, మోసే ఆడదాని మీదా నడుస్తోంది. పైగా చాలా దశాబ్దాలు మందుల ప్రయోగాలకి మాత్రం మగ ఎలుకల్నే ఎక్కువగా వాడారు. ఆడవాటికి హార్మోన్లు నాలుగైదు రోజులకోసారి మారతాయి కాబట్టి ఫలితాలు స్థిరంగా రావని సాకు. ఆ మాట వినగానే నాకు ఎన్ని ఇంటర్వ్యూ గదులు గుర్తొచ్చాయో! 2014లో పాత ప్రయోగాల లెక్కలన్నీ తీసి చూస్తే ఆడ ఎలుకల ఫలితాల్లో తేడాలు మగవాటికంటే ఎక్కువేం లేవని తేలింది. మగవి ఒకదాన్నొకటి కరుచుకుని చేసే గొడవకి వాటి హార్మోన్లూ అటూ ఇటూ అవుతూనే ఉంటాయిగా. 2016 నుంచి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిధులు అడిగేవాళ్ళు ఆడా మగా రెండిటి సంగతీ చెప్పాలన్న నియమం వచ్చింది.

ఇంకా వెనక్కి వెళితే ఒక ఆడమనిషి పేరే దొరుకుతుంది. ఎబీ లాత్రాప్. మసాచుసెట్స్‌లోని గ్రాన్‌బీ అనే ఊళ్ళో బడిపంతులమ్మగా చేసి మానేసి, 1900 ప్రాంతంలో ముచ్చట కోసం పెంచుకునే రంగురంగుల ఎలుకల్ని పెంచి అమ్మడం మొదలెట్టింది. విశ్వవిద్యాలయాల వాళ్ళు కొనుక్కుపోయేవాళ్ళు. ఏ ఎలుక ఏ ఎలుకకు పుట్టిందో, దేనికి ఏ కణితి లేచిందో ఆవిడ వరసగా రాసిపెట్టింది. కొన్నిటికి కణుతులు లేస్తున్నాయని తనే గమనించి శాస్త్రవేత్తలకు పంపింది. లియో లోబ్ అనే రోగశాస్త్రజ్ఞుడితో కలిసి, కొన్ని వంశాల్లో రొమ్ము క్యాన్సర్ ఎక్కువ వస్తుందనీ, అండాశయాలు తీసేస్తే తగ్గుతుందనీ వ్యాసాలు ప్రచురించింది. 1918లో చనిపోయింది, రక్తానికే సంబంధించిన జబ్బుతో. పెర్నీషియస్ అనీమియా. మూడేళ్ళ తర్వాత ఆవిడ దొడ్డి నుంచి వచ్చిన 57వ నంబరు ఆడ ఎలుక సంతతి నుంచి క్లారెన్స్ లిటిల్ ఒక జాతి తీశాడు. సీ57 బ్లాక్. నల్లటి చిట్టెలుక. ప్రపంచంలో ఇవాళ ఎక్కువ ప్రయోగాలు జరిగేది దాని మీదే. హైదరాబాదులో మా స్నేహితురాలు చెవులకు నంబర్లు వేసేదీ దానికే. లిటిల్ పేరు మీద చరిత్ర నడిచింది, లాత్రాప్‌ని చాలాకాలం ఎలుకల రైతు కింద జమకట్టారు.

రైతంటే మళ్ళీ మా నల్లరేగడి. సంకర పత్తి విత్తనం ఎలా తయారవుతుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక మొగ్గ పైపొర ఒలిచి, మగ భాగం తీసేసి, మర్నాడు పొద్దున్నే వేరే మొక్క పుప్పొడి తెచ్చి రుద్దాలి. వేల మొగ్గలకి, చేత్తో. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల విత్తన పత్తి చేలల్లో ఈ పనికి చిన్నచేతులు కావాలని బడి మానిపించి తెచ్చినవాళ్ళలో ఆడపిల్లలే ఎక్కువ. ఆ మొగ్గ ఒలిచిన పిల్లకీ, గ్రాన్‌బీ పంతులమ్మకీ విత్తనశాస్త్ర చరిత్రలో స్థానం ఒక్కటే.

ఆ విత్తనం ఎవరిది? 1984లో హార్వర్డ్‌లో ఫిలిప్ లెడర్, తిమోతీ స్టూవర్ట్ ‘మిక్’ అనే జన్యువుని రొమ్ము కణాల్లో మోగే స్విచ్చుకి తగిలించి, రొమ్ము క్యాన్సర్ వచ్చే ఎలుకని తయారుచేశారు. 1985లో మెల్‌బోర్న్‌లో జెర్రీ ఆడమ్స్, సుజాన్ కోరీ బృందం అదే జన్యువుని రక్తంలోని బి కణాల స్విచ్చుకి తగిలిస్తే ఆ ఎలుకలకు లింఫ్ గ్రంథుల క్యాన్సర్ వచ్చింది. ఒకే జన్యువు, స్విచ్చు మారిస్తే జబ్బు మారింది. రక్త క్యాన్సర్ల పరిశోధనలో కోరీ వాళ్ళ ఎలుక ఇప్పటికీ పనిలోనే ఉంది. హార్వర్డ్ ఎలుక సంగతి వేరు. 1988 ఏప్రిల్‌లో దానికి అమెరికా పేటెంటు ఇచ్చింది. ఎలుకకే కాదు, క్యాన్సర్ జన్యువు పెట్టిన మనిషి కాని ఏ పాలిచ్చే జంతువుకైనా. హక్కులు డుపాంట్ కంపెనీకి వెళ్ళాయి. ఆంకోమౌస్ అని పేరు పెట్టి ట్రేడ్‌మార్కు చేశారు. సొంతంగా అలాంటి ఎలుకని పెంచుకుని వేరే ప్రయోగశాలకిచ్చే వాళ్ళకి కూడా షరతులు పెట్టారు. మా సెమినార్లో హారవే చదివి మేం కోప్పడింది దీని మీదే. కోపం న్యాయమైనదే.

కానీ ఆ కోపం నాకు పుస్తకంలోంచి రాలేదు, ఊళ్ళోంచి వచ్చింది. 2002 మార్చిలో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఒక మట్టి బాక్టీరియా జన్యువు పెట్టిన విత్తనం. 450 గ్రాముల పొట్లం పదహారు వందలకు పైనే అమ్మారు. అందులో పెద్ద భాగం ఆ జన్యువు మీది రుసుమే. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తవ్యాపార నిరోధక కమిషన్‌కి వెళ్ళి పోరాడాక ధర 750కి దిగింది. విత్తనం కొనడానికి వడ్డీకి తెచ్చిన డబ్బు లెక్క మా ఇంట్లో గోడ మీద బొగ్గుతో రాసి ఉండేది. 1987–88లో తెల్లదోమ ఎగబడి పత్తి పోయి, అప్పుల పాలై, పురుగు చావని మందు తాగి మనుషులు చచ్చిపోయిన జిల్లాలివి. అప్పటికి నేను పుట్టలేదు గానీ ఆ ఏడాది కథ వినకుండా పెరిగినవాళ్ళు మా వైపు లేరు. బీటీ విత్తనం వచ్చిన 2002 డిసెంబరులోనే కెనడా సుప్రీంకోర్టు హార్వర్డ్ ఎలుకకి పేటెంటు కుదరదంది. అదే కోర్టు 2004లో మోన్‌శాంటో జన్యువున్న ఆవమొక్కల కేసులో కంపెనీ వైపు చెప్పింది. రెండుసార్లూ ఐదుగురు అటూ నలుగురు ఇటూ. ఎలుకకి దొరికిన ఊరట మొక్కకి దొరకలేదు.

పిన్ని మాత్ర దగ్గరా ఇదే తగవు. నొవార్టిస్ కంపెనీ గ్లివెక్ మన దేశంలో నెలకు లక్షా ఇరవై వేల దాకా ఉండేది. దాన్నే ఇక్కడి కంపెనీలు పదివేల లోపుకి ఇచ్చాయి. 2003లో వీనాట్ పేరుతో తెచ్చిన నాట్కో వాటిలో ఒకటి. ఆ కంపెనీ పెట్టిన నన్నపనేని వెంకయ్య చౌదరిది గుంటూరు జిల్లానే. అదే ఏడాది చివర్లో నొవార్టిస్‌కి మన దేశంలో ఈ మందు అమ్ముకునే ప్రత్యేక హక్కులు వచ్చాయి, కోర్టు ఉత్తర్వులతో కొంతకాలం మిగతా కంపెనీల మాత్రలు ఆగిపోయాయి. ఆ నెలల్లో మాత్ర వేసుకుంటున్న వాళ్ళ ఇళ్ళల్లో ఏం జరిగి ఉంటుందో నేను ఊహించగలను. 2006 జనవరిలో చెన్నై పేటెంటు కార్యాలయం కంపెనీ దరఖాస్తు తోసేసింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కూడా కుదరదంది, ఉన్న మందుకే రూపం మార్చినంత మాత్రాన కొత్త మందు కాదని. మా పిన్నికి జబ్బు బయటపడింది ఆ మరుసటి ఏడాది. పదేళ్ళు ముందు వచ్చి ఉంటే? నాట్కో ధర్మసత్రమేం కాదు, లాభానికే అమ్ముతుంది. అయినా మా ఇంట్లో ఆ తీర్పు కాపీ ఒకటుంది. నేను ప్రింటు తీసిందే, పిన్ని బీరువాలో రిపోర్టుల ఫైలు కింద దాచింది.

ఓపీ దగ్గర ఒక అమ్మాయి పరిచయమైంది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. పెళ్ళై ఆరు నెలలు. మాత్రల సంగతి అత్తగారింట్లో తెలీదు. విటమిన్ బిళ్ళలని చెప్పి, వేరే డబ్బాలో పోసుకుని తీసుకెళుతుంది. ఈ మందు వాడుతుండగా కడుపు రాకూడదు. ఆడ ఎలుకల్లో పిండాలు వికలమయ్యాయని ప్రయోగాల్లోనే తేలింది. ఇంట్లో మాత్రం నెలనెలా విశేషమేమైనా ఉందా అని అడుగుతున్నారు. డాక్టరు భర్తని పిలుచుకురమ్మన్నారు, ఆ అమ్మాయి పిలవలేదు. పిన్ని పక్కన కూర్చుని ఆ పిల్ల జడ అల్లుతూ, “చెప్పుకోవే, వాడితోనన్నా చెప్పుకో” అంది. తర్వాతిసారి ఆ అమ్మాయి కనపడలేదు. తారీఖు మారిందేమో. మందు పిండాన్ని ఏం చేస్తుందో ఎలుక చెప్పింది. ఆ మాట ఇంట్లో ఎలా చెప్పాలో ఎవరు చెబుతారు?

ఇక పిన్ని ప్రశ్న. పదేళ్ళైనా నా దగ్గర సరైన జవాబు లేదు. సీఎంఎల్‌కి గట్టిగా రుజువైన కారణం రేడియేషన్. హిరోషిమా, నాగసాకిల్లో బతికి బయటపడ్డవాళ్ళలో ఈ జబ్బు పెరిగింది. పురుగుమందుల్లో లిండేన్‌ని 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కారకమని తేల్చింది. అది లింఫోమా సంగతి, మా పిన్ని జబ్బు కాదు. మాలాథియాన్‌ని బహుశా కారకం అన్న వరసలో పెట్టింది. కాబట్టి మందులు కలిపినందుకే వచ్చిందని నేను చెప్పలేను. రాలేదని కూడా చెప్పలేను.

ఎందుకు చెప్పలేనో అర్థం కావడానికి ఎలుక గది గురించి మళ్ళీ ఆలోచించాలి. అక్కడ ఎలుకలన్నీ తరాల తరబడి అన్నాచెల్లెళ్ళకే జతకట్టించి తీసినవి, కవల పిల్లల్లా ఒకే జన్యువులు. పన్నెండు గంటలు వెలుతురు, పన్నెండు గంటలు చీకటి. ఒకే గింజల మేత, వడపోసిన గాలి, కాచిన నీళ్ళు. లోపలికెళ్ళే మా స్నేహితురాలు తల నుంచి పాదం దాకా కప్పుకుని వెళ్ళాలి. ఇవన్నీ ఒకేలా ఉంటేనే, తేడా అంతా ఆ ఒక్క జన్యువు వల్లే అని చెప్పగలుగుతారు. పద్ధతి అదే, దాని బలం అదే. మరి మా పిన్ని జీవితం చూడండి. ఎలుక గదిలోంచి పట్టుబట్టి బయటికి పంపించినవన్నీ ఆవిడ బతుకే. ఒక ఏడు ఈ మందు, మరో ఏడు ఆ మందు, డీలరు ఏదిస్తే అది. ముగ్గురు పిల్లల కాన్పులు, రెండు గర్భస్రావాలు. మిరప ఘాటు. రక్తహీనత, బోరు నీళ్ళు, రాత్రి కల్లం కాపలా. ఆ ఒక్క జన్యువు చాలని ఎలుక చెప్పింది, నిజమే చెప్పింది. ఆ ముక్క ఆవిడలో ఎందుకు విరిగిందన్నది ఎలుకని అడిగిన ప్రశ్న కాదు. దాన్ని అడగాలంటే పత్తి చేలల్లో పనిచేసే ఆడవాళ్ళ దగ్గరికి వచ్చి, ఎవరు ఏ మందు ఎన్నేళ్ళు కలిపారో రాసుకుని, వాళ్ళ రక్తం ఏళ్ళ తరబడి చూడాలి. లాత్రాప్ తన ఎలుకల వంశావళి రాసినంత శ్రద్ధగా ఎవరైనా మా ఊరి కూలి ఆడవాళ్ళ పద్దు రాశారా? డాక్టరు చీటీలో వృత్తి అన్న చోట పిన్నికి ‘గృహిణి’ అని రాసి ఉంది.

సభల్లో ఇలా మాట్లాడితే రెండు రకాల మాటలు వినపడతాయి. జంతువుల మీద హింస ఆపాలని ఒకరు. సైన్సంటేనే పితృస్వామ్యం, పెట్టుబడి, మనకెందుకని ఇంకొకరు. మొదటి మాటలో నాకు గౌరవముంది. రెండో మాట చెప్పేవాళ్ళ ఇళ్ళల్లో రోజూ మాత్ర వేసుకునేవాళ్ళు లేరనుకుంటాను. హారవే ఈ ఇద్దరికంటే నిజాయితీగా ఉందని నా అభిప్రాయం. ఆ ఎలుకని మగదైనా ఆడదైనా తన తోబుట్టువు వరసలో పెట్టుకుంది, దాని బాధకి తనకి వాటా ఉందని ఒప్పుకుంది. అలాగని దాని నుంచి వచ్చేదేదీ వద్దని తోసెయ్యలేదు. క్యాన్సర్ తగ్గుతుందా, ఎవరికి తగ్గుతుంది, ఎవరు బతుకుతారు ఎవరు చస్తారు అన్న లెక్క వదలొద్దంది. ఆ పుస్తకంలో కష్టమైన వాక్యాలు చాలా ఉన్నాయి, తెలుగులో చెప్పాలంటే నాలిక మడతపడుతుంది. ఈ ఒక్క సంగతీ మాత్రం పర్చూరులో కూడా చెప్పొచ్చు.

చెప్పాను కూడా. మొన్న కోతల రోజుల్లో ఊరెళ్ళినప్పుడు, పిన్ని వాకిట్లో తొడిమలు తీస్తోంది. కళ్ళ కింద కాస్త ఉబ్బు తప్ప మనిషి బాగానే ఉంది. ఆ ఉబ్బు మాత్ర వల్లే. ఆర్నెల్లకోసారి చేసే పరీక్షలో ఆ జన్యువు జాడ లెక్కకు అందనంత తగ్గింది. నేను పక్కన కూర్చుని ఈ వ్యాసం కోసం రాసుకున్న కాగితాలు చూసుకుంటుంటే ఏంటవని అడిగింది. ఎలుకల సంగతి మొత్తం చెప్పాను. కాయలు ఒలుస్తూనే వింది.

“మరి ఆ ఎలకలకి కూడా ఈ మాత్ర వేశారా?”

“వేశారు పిన్నీ.”

“తగ్గిందా?”

“తగ్గింది. కానీ ఎంతవరకు తగ్గిందో చూడాలంటే చివరికి వాటిని చంపి లోపల చూడాల్సిందే. బల్ల బయటికి తీసి తూకం వేస్తారు.”

చెయ్యి ఆగింది. “దానిక్కూడా బల్లేనంటే?”

“ఊఁ. నీకొచ్చినట్టే.”

“ఎంతుంటదే ఎలకకి బల్ల?”

పక్కన కుప్పలోంచి ఒక పొట్టి కాయ తీసి, తొడిమ తుంచి చూపించాను, మామూలప్పుడు ఇంతలో సగం కూడా ఉండదని చెప్పి. పిన్ని దాన్ని నా చేతిలోంచి తీసుకుని కాసేపు అరచేతిలో పెట్టుకుని చూసింది. తర్వాత ఒలిచిన కాయల్లో వేసి, “తొందరగా కానియ్యి, పొద్దుగూకేలోపు బస్తా నిండాలి” అంది.